విసురు వల వేయడం ఎలా?

పోయిన నెల మన గోడపత్రికలో ఒక అక్క అడ్డాకుల విస్తర్లు కుట్టడం గురించి రాసింది. అది చూసి నేను కూడా నాకు వచ్చిన పని ఒకటి రాద్దామనుకున్నాను. మన హాస్టల్లో కొండ మీద ఊళ్ళ నుండి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు వాగులో ఊత వేయడం తెలుసు, మావు పెట్టడం తెలుసు. విసురు వల మాత్రం చాలామంది దగ్గర్నుండి చూడలేదు. సినిమాలో చూసి, అది ఊరికే గాల్లోకి విసిరితే గొడుగులా విప్పుకుంటుందని అనుకుంటారు. అలా విప్పుకోదు.

మాది గోదావరి ఒడ్డు, వి.ఆర్.పురం మండలం. మేము కొండరెడ్లం. శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ రెండు నదుల నీళ్ళూ మా ఊరి ముందు నుండే పాపికొండల్లోకి పోతాయి. మా తాత పోడు చేస్తాడు, చేపలు కూడా పడతాడు. నాకు వల నేర్పింది ఆయనే.

ముందు ఎర చేప అంటే ఏమిటో చెప్పాలి. గేలానికి వానపామును గుచ్చితే పరిగెలు, చిన్న జెల్లలు పడతాయి. వాలుగ అలా కాదు. అది పెద్ద నోటి చేప, సాటి చేపలను మింగి బతికేది. దానికి బతికున్న చిన్న చేపను గుచ్చి పెట్టాలి. ఆ చిన్న చేపనే ఎర చేప అంటాము. మా ఇంట్లో ఒక పొడుగు తాడు ఉన్నది. దానికి 30 గేలాలు కట్టి ఉంటాయి. సాయంత్రం ఒక కొసను ఒడ్డున గుంజకు కట్టి, రెండో కొసకు రాయి కట్టి నీళ్ళలో వదులుతారు. పొద్దున్నే వెళ్ళి లాగుతారు. అంటే ప్రతి సాయంత్రం 30 బతికున్న చేపలు కావాలి. పరిగెలు, పక్కెలు అయితే మంచివి. వాటిని ఒక్కొక్కటిగా గేలంతో పట్టాలంటే తెల్లారిపోతుంది. అందుకే విసురు వల.

మొన్న వేసవి సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి తాతకు కుడి భుజం పట్టేసి ఉంది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. నాన్న కూలి పనికి రాజమండ్రి పోయాడు. తమ్ముడికి ఆరేళ్ళు. గేలాల తాడు ఎండిపోయి గోడకు వేలాడుతూ ఉంది. మా ఇంట్లో చేతిలో ఆడే డబ్బు ఆ తాడు నుండే వస్తుంది. నేను ఇక్కడ వాడుతున్న ట్రంకు పెట్టె, మీరందరూ చూసిందే, వాలుగలు అమ్మిన డబ్బుతో కొన్నది. అందుకని నేనే వల వేస్తానన్నాను.

నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆడపిల్ల వల దాటితేనే చేప పడదంటారు, ఇక విసిరితే ఎట్టా అన్నది. తాత చుట్ట కాలుస్తూ కూర్చుని, “దాటొద్దన్నారు గానీ విసరొద్దని ఎవరన్నారే?” అన్నాడు. నాయనమ్మకు జవాబు దొరకలేదు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు అనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు వల గురించి. విసురు వల కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే లంగాలా ఉంటుంది. పైన కొసను నెత్తి అంటాము. అల్లేటప్పుడు నెత్తి దగ్గర కొద్ది కన్నులతో మొదలుపెట్టి, కిందికి వస్తూ కన్నులు పెంచుకుంటూ పోతారు. నెత్తికి తాడు కట్టి ఉంటుంది. కింది అంచు చుట్టూ సీసం గుళ్ళు. ఆ అంచును లోపలికి మడిచి అక్కడక్కడా దారంతో పైకి కడతారు. అప్పుడు లోపలివైపు చుట్టూ సంచుల్లాగా వస్తాయి. చేప పైకి పారిపోలేక పక్కకు పోయి ఆ సంచుల్లో దూరుతుంది. వలలో అసలు తెలివంతా ఆ సంచుల్లోనే ఉన్నది. పూర్వం జనుము నారతో అల్లి, చెట్టు బెరడు ఉడకబెట్టిన నీళ్ళలో ముంచేవారట. ఇప్పుడు అంతా నైలాను దారమే.

ఎర చేపల వలకు కన్ను చిన్నది. నా చిటికెన వేలు మాత్రమే దూరుతుంది. పెద్ద చేపల వలలో మూడు వేళ్ళు దూరుతాయి. కన్ను చిన్నదైతే నీళ్ళు తొందరగా జారవు, వల మెల్లగా మునుగుతుంది. అది నేలకు తగిలేలోపు చేప అంచు కింద నుండి తప్పించుకుంటుంది. కాబట్టి చిన్న కన్ను వలను లోతులో వేసి లాభం లేదు. మోకాటి లోతు, మహా అయితే నడుము లోతు.

తాత వల 6 మూరలు. అది నాకు బరువు. చిన్నది ఒకటి 4 మూరలది ఉంటే అది ఇచ్చాడు. ఇక్కడ ఒక లెక్క ఉంది, లెక్కల మాస్టారికి కూడా చూపించాను. మూర అంటే అడుగున్నర. 4 మూరలంటే 6 అడుగులు. వల నెత్తి నుండి అంచు దాకా ఉన్న పొడుగే వృత్తానికి వ్యాసార్థం. వల పూర్తిగా విప్పుకుంటే 22/7 × 6 × 6, అంటే సుమారు 113 చదరపు అడుగుల నీళ్ళను కప్పుతుంది. అదే వల సరిగా విప్పుకోక వ్యాసార్థం 4 అడుగులే వచ్చిందనుకోండి. 22/7 × 4 × 4, సుమారు 50 చదరపు అడుగులు మాత్రమే. తగ్గింది రెండడుగులే కదా అనిపిస్తుంది, కానీ సగం కంటే ఎక్కువ నీళ్ళు పోయాయి. నిజంగా విసిరేటప్పుడు పూర్తి వృత్తం తాతకు కూడా రాదు. అయినా వృత్త వైశాల్యం సూత్రం నాకు అప్పటి నుండి మరిచిపోదామన్నా మరుపు రాదు.

విసిరే ముందు ఒంటి మీద సంగతి చూసుకోవాలి. ఇది ఆడపిల్లలకు ముఖ్యం. మగవాళ్ళు గోచీ పెట్టుకుని దిగుతారు, వాళ్ళకు ఏదీ తగలదు. మనకు గాజులు, పట్టీలు, పిన్నీసులు, జడ క్లిప్పు, గుండీలు అన్నీ ఉంటాయి. వలలో ఒక్క కన్ను గాజుకు తగులుకున్నా వల మెలిక పడి పోతుంది, మనం కూడా దాంతోపాటు నీళ్ళలోకి పోతాము. నాయనమ్మ గాజులు తీయనివ్వలేదు, బోసి చేతులు మంచిది కాదన్నది. అందుకని ఆమే పాత చీర పేలిక తెచ్చి రెండు చేతులకూ గాజుల మీద గట్టిగా చుట్టింది. అలా చుట్టిందంటే కోపం తగ్గినట్టే అని తమ్ముడు అన్నాడు. జడ ముడి వేసుకోవాలి. చున్నీ ఒడ్డునే వదిలేయాలి.

ఇక పట్టుకోవడం. నేను కుడిచేతి వాటానికి చెబుతున్నాను, ఎడమచేతి వాటం వాళ్ళు తిరగేసుకోండి.

తాడు కొసకు ఉన్న ఉచ్చును ఎడమ మణికట్టుకు వేసుకోవాలి. మిగతా తాడును చుట్టలుగా చుట్టి ఎడమ చేత్తో పట్టుకోవాలి. తరువాత వలను నెత్తి నుండి కిందికి తడుముకుంటూ వచ్చి, సగం దగ్గర అదే ఎడమ చేత్తో పట్టుకోవాలి. గుళ్ళు మన మోకాళ్ళ దగ్గర వేలాడుతుంటాయి. ఇప్పుడు అంచులో మూడో వంతు ఎత్తి ఎడమ మోచేతి మీద వేసుకోవాలి. ఇంకో మూడో వంతు కుడి చేత్తో పట్టుకోవాలి. మిగిలింది మధ్యలో వదులుగా ఉండాలి. ఎక్కడా మెలిక లేదని ఒకసారి కిందికి చూసుకోవాలి. పరీక్ష పేపరు ఇచ్చే ముందు హాల్‌టికెట్ నంబరు చూసుకున్నట్టు.

తాత అయితే అంచును పళ్ళతో కూడా పట్టుకుంటాడు. మీరు పట్టుకోవద్దు. గుళ్ళు సీసంతో చేసినవి. సీసం ఒంట్లోకి పోతే విషం. పిల్లలకు ఇంకా చెడ్డది. ఈ మాట తాతకు చెప్పాను. “నాకు పళ్ళే ఊడిపోతున్నాయి, ఇంకా విషం ఏం చేస్తుందిలే” అన్నాడు. కానీ నాకు మాత్రం పళ్ళతో పట్టడం నేర్పలేదు. వల పట్టినాక చేతులు సబ్బుతో కడుక్కుని అన్నం తినాలి.

విసరడమే కష్టం. అందరూ చేత్తో విసరాలని చూస్తారు. చేత్తో విసిరితే వల చుట్టిన చాపలాగా దబ్బుమని పడుతుంది. కొత్తలో అందరికీ అంతే. తాత నన్ను అయిదు రోజులు నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఇసుక తిన్నె మీద ఒక బుట్ట బోర్లించి, దాని మీద వేయమన్నాడు. పొద్దున వేయడం, దులపడం, మళ్ళీ మడవడం. మధ్యాహ్నానికి ఇసుక కాలిపోయేది.

ఆయన భుజం లేవదు కాబట్టి చేసి చూపించలేడు. మాటలతోనే చెప్పాలి. “నడుం తిప్పవే, చెయ్యి కాదు” అని వందసార్లు అన్నాడు. నాకు తెలియలేదు. మూడో రోజు ఆయనకే విసుగు వచ్చి, “నువ్వు పోడులో సామలు చల్లవా? ఎట్టా చల్లుతావు?” అన్నాడు. సామలు చల్లేటప్పుడు మనం గింజల్ని ముందుకు గిరవాటెయ్యము. ఒళ్ళు ఒక పక్కకు తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పుతూ, చెయ్యి వెడల్పుగా పోనిస్తూ, వేళ్ళు కొంచెం కొంచెంగా వదులుతాము. గింజలు అర్ధచంద్రంలా పడతాయి. అది నాకు ఏడేళ్ళ నుండి వచ్చు. మీలో చాలామందికి వచ్చు. వల కూడా అదే తిప్పుడు. ఎడమ కాలు ముందు పెట్టాలి. ఒంటిని కుడివైపు వెనక్కి తిప్పి, ఒక్కసారిగా నీళ్ళవైపు తిప్పాలి. కుడి చెయ్యి వెడల్పుగా పోయి ముందు వదులుతుంది. మోచేతి మీద ఉన్నది దానంతట అదే లాక్కుపోతుంది. ఎడమ చెయ్యి చివర వదలాలి. తిరుగుతున్న గుళ్ళు బయటికి పోవాలని చూస్తాయి, తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పితే బయటికి లాగినట్టు. వలను విప్పేది ఆ గుళ్ళే, మన బలం కాదు. అందుకే సన్నగా ఉన్నవాళ్ళు కూడా వేయగలరు.

సామలు అన్న మాట తరువాత ఆ సాయంత్రమే వల బుట్ట చుట్టూ పడింది. పూర్తి గుండ్రం కాదు, కోడిగుడ్డులాగా. తాత ఏమీ అనలేదు. బుట్ట తీసి ఇంకో నాలుగు అడుగులు దూరం పెట్టాడు.

నీళ్ళ దగ్గర కళ్ళు పని చేయాలి. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం ఎండ వాలినాక చిన్న చేపలు ఒడ్డుకు వస్తాయి. వాన లేకుండానే చినుకులు పడినట్టు నీళ్ళ మీద చిన్న చిన్న సుడులు కనిపిస్తే పరిగెల గుంపు ఉన్నట్టు. మన నీడ నీళ్ళ మీద పడకూడదు. నీడ పడితే గుంపు మొత్తం ఒక్క మలుపు తిరిగి పోతుంది, చూడడానికి బాగుంటుంది గానీ చేప ఉండదు. తవుడు ముద్ద చేసి నాలుగు చోట్ల వేసి కాసేపు ఆగితే చేరుతాయి. మాట్లాడినా పర్వాలేదు గానీ నీళ్ళలో దబదబా నడవకూడదు.

వల పడినాక తొందరపడి పైకి లాగేస్తారు, అప్పుడు అంచు లేచి చేపలన్నీ కింద నుండి పోతాయి. ముందు వలను మునగనివ్వాలి. గుళ్ళు నేలకు తగిలినట్టు తాడులో తెలుస్తుంది. అప్పుడు తాడును మెల్లగా, నేల మీద ఈడ్చినట్టు లాగాలి. గుళ్ళన్నీ ఒక చోటికి చేరతాయి. చేరినాకే పైకి ఎత్తాలి. సంచుల్లో తెల్లగా తళతళలాడుతూ ఉంటాయి.

ఇప్పుడు ఏరడం. దీన్ని వదిలేస్తే మిగతా పని అంతా పాపం అంటాడు తాత. చిన్న కన్ను వలలో పరిగెలే కాదు, పెద్ద చేపల పిల్లలు కూడా పడతాయి. బొచ్చె పిల్లకు తల పెద్దగా, నోరు పైకి తిరిగి ఉంటుంది. వేలెడంత ఉన్నా ఆ తల చూస్తే తెలిసిపోతుంది. పరిగెకు తోక మొదట్లో నల్ల చుక్క ఉంటుంది. బొచ్చె పిల్ల, మోసు పిల్ల కనిపిస్తే వెంటనే నీళ్ళలో వదిలేయాలి. అది పెరిగితే కిలోల చేప. గోదావరికి కొత్త నీరు వచ్చి చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో తాత అసలు ఈ చిన్న వల ముట్టడు. కొంతమంది మందు కలిపి, బాంబులు వేసి చేపలు పడతారు. అది 1897లో చేసిన చేపల చట్టం ప్రకారం నేరం. బాంబు వేస్తే పిల్లా జెల్లా అన్నీ చస్తాయి, అందులో సగం నీళ్ళ అడుగునే కుళ్ళిపోతాయి.

ఏరిన ఎర చేపలను వెదురు బుట్టలో వేసి, బుట్టను మెడ దాకా నీళ్ళలోనే ఉంచాలి. బిందెలో పోస్తే గాలి అందక గంటలో తేలిపోతాయి. గేలానికి గుచ్చేటప్పుడు వీపు మీద రెక్క కింద, వెన్నుముల్లుకు తగలకుండా పైపైన గుచ్చాలి. ముల్లుకు తగిలితే అది కదలదు. కదలని ఎరను వాలుగ పెద్దగా పట్టించుకోదు. ఇది నాకు మొదట్లో చూడబుద్ధి కాలేదు. చేప చిన్నదే అయినా చేతిలో కొట్టుకుంటుంది. ఇప్పటికీ గుచ్చే పని తాతే కూర్చుని చేస్తాడు, దానికి భుజం అక్కర్లేదు.

నీళ్ళలో నేను మొదటిసారి దిగిన రోజు తొమ్మిది సార్లు వేస్తే 11 చేపలు వచ్చాయి. 30 గేలాల్లో 11కే ఎర పెట్టాము. పొద్దున ఒక వాలుగ ఉంది. నాయనమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు, మీసాలు పట్టుకుని ఎత్తి బరువు చూసింది. సెలవులు అయిపోయే వారానికి ఆరేడు సార్లు వేస్తే 30 నిండేవి. ఒక్కోరోజు నిండేవి కావు. గాలి ఎక్కువైతే వల పక్కకు పోతుంది, ఆ రోజు మానుకోవడమే మంచిది.

అపాయం గురించి తప్పక రాయాలి, వార్డెన్ గారు కూడా చదువుతారు కాబట్టి. వల ఎప్పుడూ ఒక్కరే వేయకూడదు. ఒడ్డున ఇంకొకరు ఉండాలి. మణికట్టుకు వేసే ఉచ్చు బిగుసుకునేది కాకుండా, లాగితే ఊడిపోయేది కావాలి. నీళ్ళ అడుగున దుంగకు వల తగులుకుని, పైనుండి ఉరవడి నెడితే, బిగిసిన ఉచ్చు మనిషిని వదలదు. తగులుకున్నప్పుడు గుంజకూడదు. తాడు వదులు చేసి అటూ ఇటూ ఊపాలి, రెండో పక్క నుండి లాగాలి. రాకపోతే తాడు వదిలేసి రావాలి. వల మళ్ళీ అల్లుకోవచ్చు. వరద రోజుల్లో నీళ్ళ దగ్గరికే పోకూడదు. గోదావరి పెరిగితే శబరి నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి, నిన్న ఉన్న ఒడ్డు ఇవాళ ఉండదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తరువాత అదే పెద్దది. మా ఇల్లు మునిగింది. మేము కొండ మీదికి ఎక్కినప్పుడు నాయనమ్మ బియ్యం, కోళ్ళు తెచ్చింది, తాత రెండు వలలూ భుజాన వేసుకుని వచ్చాడు. నేను ఇప్పుడు వాడుతున్నది అందులో చిన్నది.

పోలవరం ప్రాజెక్టు వల్ల మా ఊరు కూడా కదలాలని అంటున్నారు. కాలనీలో పక్కా ఇల్లు, కుళాయి ఉంటాయట. “కుళాయిలో వల వేస్తామా?” అని తాత అడుగుతాడు. అందరూ నవ్వుతారు, ఆయన నవ్వడు. నదే నిలబడి లోతయితే విసురు వల పనికిరాదు అన్నది ముందే రాశాను కదా, అది మా ఇంట్లో రోజూ వచ్చే మాట. నాయనమ్మ మాత్రం ఇల్లు మునగని చోటు అయితే చాలు అంటుంది. ఆమె చెప్పేదీ నిజమే, వరద బురద ఎత్తి పోసింది ఆమె. నాకు ఎటు చెప్పాలో తెలియదు. తాత ఈ వేసవిలో ఇంకో వల అల్లడం మొదలుపెట్టాడు, నాలుగున్నర మూరలది. ఎవరికి అంటే చెప్పడు. నా ఎత్తు కొలిచాడు.

వల వాడినాక మంచినీళ్ళలో జాడించి, ఇసుక, ఆకులు ఏరి, నీడలో ఆరవేయాలి. ఎండలో వేస్తే నైలాను పెళుసవుతుంది. ఇంట్లో దూలానికి వేలాడదీయాలి. కింద పెడితే చేప వాసనకు ఎలుకలు కొరుకుతాయి. తెగిన కన్ను ఆ రోజే కట్టుకోవాలి, ఒక్క కన్ను తెగిన చోట నుండి గుంపంతా పోతుంది.

నేర్చుకోవాలని ఉన్నవాళ్ళకు ఇక్కడే నేర్పగలను. నీళ్ళు అక్కర్లేదు. ఒక పాత దోమతెర గుండ్రంగా కత్తిరించి అంచుకు చిన్న రాళ్ళు కట్టుకుంటే తిప్పుడు వస్తుంది. స్టోరు గదిలో చిరిగిన దోమతెరలు రెండు ఉన్నాయి. వార్డెన్ మేడం గారు ఒకటి ఇప్పిస్తే ఆదివారం బట్టలు ఉతుక్కున్న తరువాత గ్రౌండులో మొదలుపెడదాము. సామలు చల్లడం వచ్చినవాళ్ళు ముందు రండి.

— 9వ తరగతి విద్యార్థిని